ముందు కత్తెర మార్చండి, పెన్సిల్ సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ల రెండు నెలలు, ఎల్‌కేజీ. పెన్సిల్‌ని పిడికిలి బిగించి పట్టుకుంటాడు. చతురస్రం గీయమంటే మూలలు లేకుండా గుండ్రంగా గీస్తాడు. కత్తెర ఇస్తే కాగితం తెగదు, మధ్యలో మడతపడి నలిగిపోతుంది. నాలుగు గీతల పుస్తకం నింపడం లేదని స్కూల్ నుంచి డైరీలో రాసి పంపారు. రోజూ గంటసేపు కూర్చోబెట్టి చుక్కల మీద దిద్దిస్తున్నాను, ఇద్దరికీ ఏడుపే మిగులుతోంది. అన్నట్టు, బాబుది ఎడమచేతి వాటం. అత్తయ్యగారు ఇప్పుడే కుడిచేతికి మార్పించమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు:

చివర్లో "అన్నట్టు" అని రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. కాగితం నలగడానికి కారణం చాలావరకు అక్కడే ఉంది.

ఇంట్లో ఉన్న కత్తెర తీసుకుని, కొసలు ముందుకు ఉండేలా పట్టుకుని తెరిచి చూడండి. పైన ఉన్న బ్లేడు కుడివైపు ఉందా? అయితే అది కుడిచేతి కత్తెర. మన షాపుల్లో దొరికేవి, స్కూల్ కిట్లలో వచ్చేవి దాదాపు అన్నీ ఇవే. కుడిచేత్తో మూసినప్పుడు బొటనవేలు ఒకవైపు నెడుతుంది, మిగతా వేళ్లు ఇంకోవైపు లాగుతాయి. ఆ ఒత్తిడికి రెండు బ్లేడులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూసుకుంటాయి, కాగితం తెగుతుంది. అదే కత్తెరను ఎడమచేత్తో మూస్తే ఆ ఒత్తిడే బ్లేడులను విడదీస్తుంది. మధ్యలో సందు ఏర్పడుతుంది, కాగితం ఆ సందులోకి మడతపడుతుంది. పైగా పై బ్లేడు గీతను కప్పేస్తుంది కాబట్టి ఎక్కడ కత్తిరిస్తున్నాడో వాడికి కనిపించదు. చూడటం కోసం మణికట్టు వంచుతాడు, మణికట్టు వంచితే వేళ్లలో బలం పోతుంది. నమ్మకం కుదరకపోతే మీరే ఆ కత్తెర ఎడమచేత్తో పట్టుకుని పల్చటి కాగితం కత్తిరించి చూడండి.

కాబట్టి ముందు ఎడమచేతి కత్తెర కొనండి. "రెండు చేతులకూ పనికొస్తుంది" అని అట్టమీద ఉన్నవాటిలో చాలావాటికి పిడి మాత్రమే రెండువైపులా ఒకేలా ఉంటుంది, బ్లేడులు కుడిచేతివే. పై బ్లేడు ఎడమవైపు ఉందో లేదో చూసి తీసుకోండి. స్టీలు బ్లేడు, మొండి కొన ఉన్నది కావాలి. మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన కత్తెరలు వద్దు. అవి క్లేను కోస్తాయి గానీ కాగితాన్ని నములుతాయి. తెగని కత్తెరతో రెండు రోజులు కుస్తీపడ్డ పిల్లవాడు మూడో రోజు కత్తెర చూస్తేనే పారిపోతాడు.

చేతిని మార్చొద్దు. నాలుగేళ్లకు ఒక చేతి వాటం ఇంత స్పష్టంగా కనబడుతుంటే మెదడు ఆ చేతికి పని అప్పజెప్పిందనే అర్థం. ఇప్పుడు కుడిచేతికి మారిస్తే రెండేళ్లుగా వాడు కూడబెట్టుకున్న నేర్పంతా పక్కనపెట్టి మళ్లీ మొదటినుంచి రావాలి. అత్తయ్యగారికి నొప్పి కలగకుండా చెప్పాలంటే అన్నం కుడిచేత్తో తినడం, ప్రసాదం కుడిచేత్తో అందుకోవడం నిదానంగా నేర్పుకుందాం అనండి. రాత, గీత, కత్తెర మాత్రం వాడి చేతికే వదిలేయమనండి.

ఇక చతురస్రం. నాలుగేళ్ల రెండు నెలల పిల్లవాడు చతురస్రాన్ని గుండ్రంగా గీయడం లోపం కాదు, ఆ వయసుకు తగ్గ గీతే. చూసి గీయడంలో పిల్లలందరిదీ ఇంచుమించు ఒకే వరస. రెండు, మూడేళ్ల మధ్య నిలువు గీత, అడ్డగీత వస్తాయి. మూడేళ్ల దగ్గర సున్నా వస్తుంది. నాలుగేళ్లకు కూడిక గుర్తు, అంటే నిలువు గీతను అడ్డగీత దాటడం. నాలుగున్నర దగ్గర చతురస్రం. అయిదేళ్ల దగ్గర గుణకారం గుర్తు, అయిదు దాటాక త్రికోణం. కొన్ని నెలలు ముందూ వెనకా కావడం మామూలే. సున్నా గీసేటప్పుడు చెయ్యి ఒకసారి బయల్దేరితే ఆగనక్కర్లేదు. చతురస్రంలో నాలుగుసార్లు ఆగాలి, ఆగిన చోటే దిక్కు మార్చుకోవాలి. ఆ ఆగడమే మీ వాడికి ఇంకా చేతకావడం లేదు. త్రికోణంలో ఏటవాలు గీతలు కావాలి. చెయ్యి ఒకేసారి పక్కకూ కిందికీ కదలాలి కాబట్టి అది ఇంకా ఆలస్యం. మీ వాడు సున్నా, కూడిక గుర్తు గీస్తున్నాడా? గీస్తుంటే గీతల విషయంలో నిశ్చింతగా ఉండండి.

తల్లిదండ్రులు, చాలామంది టీచర్లు కూడా గమనించని సంగతి ఒకటి ఉంది. పెన్సిల్‌కి సులువైన ఆకారం కత్తెరకు కష్టం, పెన్సిల్‌కి కష్టమైనది కత్తెరకు సులువు. మూడేళ్లకే గీసే సున్నాను చక్కగా కత్తిరించడానికి నాలుగున్నర, అయిదేళ్లు పడుతుంది. ఎందుకంటే కాగితాన్ని రెండో చెయ్యి ఆగకుండా తిప్పుతూ ఉండాలి. చతురస్రం చూడండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు కాగితం పట్టీని అడ్డంగా ఒక్కసారి కచ్‌మని కత్తిరిస్తే చతురస్రం ముక్క కింద పడుతుంది. అదే పట్టీని ఒకసారి ఇటు ఏటవాలుగా, ఒకసారి అటు ఏటవాలుగా కత్తిరిస్తూ పోతే త్రికోణాలు రాలతాయి. గీయడానికి అయిదేళ్లు దాటాల్సిన త్రికోణాన్ని మీ వాడు నాలుగేళ్లకే తన చేత్తో తయారుచేయగలడు. దాని మూలలు వేలితో తడిమి చూస్తాడు, గమ్ రాసి అతికిస్తాడు, నాలుగు కలిపి గాలిపటం చేస్తాడు. మూల అంటే ఏమిటో చేతికి ఇలా ముందు తెలిస్తే తర్వాత పెన్సిల్ దాని దగ్గర ఆగుతుంది. అందుకే ఆకారాలను ముందు కత్తెరతో పరిచయం చేయడం నాకు ఇష్టం. చుక్కల మీద దిద్దించే పుస్తకాన్ని ఒక మూడు నెలలు బీరువాలో పెట్టేయండి. దిద్దేటప్పుడు పిల్లవాడి కన్ను తర్వాతి చుక్క ఎక్కడుందా అని వెతుకుతుంది తప్ప ఆకారాన్ని చూడదు.

కత్తెర పని ఎలా మొదలుపెట్టాలో కొంచెం వివరంగా చెబుతాను, ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు.

మొదట కాగితం కాదు. చపాతీ పిండిని పొడవుగా పాములా చేసి ఇవ్వండి, ముక్కలుగా కత్తిరించనివ్వండి. పిండి కదలదు, మడతపడదు, తెగినట్టు చేతికి తెలుస్తుంది. తర్వాత స్ట్రాలు. తెగిన ముక్క ఎగిరి పడుతుంటే వాడే ఇంకొకటి ఇమ్మంటాడు. ఆ ముక్కల్ని దారానికి గుచ్చితే దండ అవుతుంది, ఆ గుచ్చడం కూడా వేళ్లకు పనే. ఆ తర్వాత పాత శుభలేఖలు. మన ఇళ్లలో ఇవి కట్టలు కట్టలుగా ఉంటాయి, ఈ పనికి ఇంతకంటే మంచి కాగితం లేదు. నోటుబుక్కు కాగితం పల్చన, కత్తెర ముందుకు రాగానే వాలిపోతుంది. శుభలేఖ అట్ట నిటారుగా నిలబడుతుంది, రెండో చేతికి పని తగ్గుతుంది. దాన్ని మీరే సన్నటి పట్టీలుగా కోసి ఇవ్వండి, ఒక్క కత్తిరింపుతో ముక్క రాలేంత సన్నగా. అది బాగా అలవాటయ్యాక వెడల్పు పెంచండి, ముక్క రాలడానికి రెండు మూడు కత్తిరింపులు పట్టేలా. అప్పుడు కత్తెరను పూర్తిగా మూయకుండా మళ్లీ తెరిచి ముందుకు నడపడం నేర్చుకుంటాడు. గీత మీద కత్తిరించడం దాని తర్వాతే. గీత స్కెచ్‌పెన్నుతో మందంగా, వాడి చిటికెనవేలంత ఉండాలి. సన్నగీత ఇస్తే తప్పిన ప్రతిసారీ వాడికి ఓడిపోయినట్టుంటుంది.

వాడు కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని చెయ్యి చూడండి. మొదట్లో మోచెయ్యి పక్కకు లేస్తుంది, మణికట్టు లోపలికి తిరుగుతుంది, బొటనవేలు నేలవైపు వెళ్లిపోతుంది. కత్తెర నోరు తెరిచిన ప్రతిసారీ వాడి నోరూ తెరుచుకుంటుంది, నాలుక బయటికొస్తుంది. నోటి సంగతి వదిలేయండి, ఒంట్లో శ్రమ అలా పొంగుతుంది, చేతికి పని అలవాటైతే అదే పోతుంది. మోచెయ్యిని మాత్రం సరిచేయాలి. చంకలో ఒక పుస్తకమో చిన్న దిండో పెట్టి "ఇది పడకూడదు" అనండి, మోచెయ్యి దానంతట అదే ఒంటికి అంటుకుంటుంది. బొటనవేలి గోరు మీద స్కెచ్‌పెన్నుతో రెండు కళ్లు, నోరు గీసి "వీడు ఎప్పుడూ ఆకాశం చూడాలి" అని చెప్పండి. బొటనవేలు పైకి తిరిగితే మణికట్టు సర్దుకుంటుంది. చిన్న రింగులో బొటనవేలు, పెద్ద రింగులో మధ్యవేలు, చోటుంటే ఉంగరపువేలు కూడా. చూపుడువేలు రింగు బయట ఆని ఉంటే కత్తెర ఊగదు.

రెండో చెయ్యి, అంటే మీ వాడికి కుడిచెయ్యి, చేసే పనిని ఎవరూ మెచ్చుకోరు. ఆకారం వచ్చేది దానివల్లే. ఆ చేతి బొటనవేలు కూడా పైనే ఉండాలి. కాగితాన్ని తెగే చోటికి దగ్గరగా పట్టుకోవాలి, కత్తెర ముందుకు పోయేకొద్దీ పట్టు జరుపుకోవాలి. వంపు గీతలకు వచ్చేసరికి కత్తెర దాదాపు ఒకేచోట ఉంటుంది, కాగితమే తిరుగుతుంది. ఎడమచేతివాళ్లు సున్నాను గడియారం ముల్లు తిరిగే దిక్కుగా కత్తిరించాలి, కుడిచేతివాళ్లు దానికి ఎదురుగా. అప్పుడు ఆకారం ఎప్పుడూ పట్టుకున్న చేతిలోనే ఉంటుంది, గీత కంటికి కనబడుతుంది. మీరు కుడిచేతివాళ్లయితే పక్కన కూర్చుని చూపిస్తే వాడు తలకిందులుగా నేర్చుకుంటాడు. ఎదురుగా కూర్చోండి, అద్దంలో చూసినట్టు సరిపోతుంది.

సున్నా కోసం తొందరపడకండి. ముందు చతురస్రం కాగితం ఇచ్చి నాలుగు మూలలు కత్తిరించమనండి. ఎనిమిది మూలలవుతాయి. వాటినీ కొంచెం కొంచెం కత్తిరిస్తే గుండ్రానికి దగ్గరవుతుంది. వాడికి అది గారడీలా ఉంటుంది. తర్వాత కావాలంటే మామిడాకులు. ఆకుపచ్చ కాగితాన్ని మధ్యకు మడిచి, మడతవైపు పట్టుకుని ఒక్క వంపు కత్తిరిస్తే ఆకు వస్తుంది. పది ఆకులు దారానికి అతికించి గుమ్మానికి కట్టండి. తన చేతి పని తోరణమై వేలాడుతుంటే వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

జాగ్రత్తలు రెండే. కత్తెర పట్టుకుంటే కూర్చునే ఉండాలి. ఎవరికైనా ఇవ్వాలంటే బ్లేడులు మూసి, వాటిని తన పిడికిట్లో పట్టుకుని రింగులు వాళ్లవైపు పెట్టి ఇవ్వాలి. జుట్టు, బట్టలు, కర్టెన్ల సంగతి మొదటి రోజే చెప్పండి.

పెన్సిల్ పట్టుకు వద్దాం. నాలుగేళ్లు దాటాక పిడికిలి పట్టు కొంచెం వెనకబాటే గానీ భయపడాల్సింది కాదు. "ఇలా పట్టుకో" అని వేళ్లు సర్దితే మీరు చూస్తున్నంతసేపే ఉంటుంది. వస్తువును మార్చండి, పట్టు దానంతట మారుతుంది. పొడుగు పెన్సిల్, పొడుగు క్రేయాన్ తీసేయండి. క్రేయాన్లను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచేయండి. అంత చిన్న ముక్కను పిడికిలితో పట్టుకుంటే గీత పడదు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ముందుకు రాక తప్పదు. మన పాత బడుల్లో పలక మీద అరిగిపోయిన బలపం ముక్కతో రాసినవాళ్ల వేళ్లు ఈ మూడువేళ్ల పట్టు అలాగే నేర్చుకున్నాయి. పలక, బలపం ఇప్పటికీ దొరుకుతున్నాయి, తెచ్చిపెట్టండి. బలపం జారే రాయి మీద కొంచెం ఒత్తితేగానీ గీత పడదు. ఎంత ఒత్తాలో వేళ్లకు తెలియడానికి అది మంచిది. నాలుగో వేలు కూడా కలిపి పట్టుకున్నా పర్వాలేదు, ఆ పట్టుతో జీవితాంతం చక్కగా రాసేవాళ్లు ఉన్నారు.

నిలువుగా ఉన్న చోట గీయించండి. గోడకు పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి, వాడి కళ్ల ఎత్తులో అంటించండి. గోడ మీద గీసేటప్పుడు మణికట్టు కొంచెం వెనక్కి వంగి నిలబడుతుంది. రాయడానికి కావాల్సిన భంగిమ సరిగ్గా అదే. భుజం కూడా పనిచేస్తుంది. కాగితం వద్దంటే చిన్న బకెట్‌లో నీళ్లు, సున్నం బ్రష్షు ఇచ్చి కాంపౌండ్ గోడకు "పెయింట్" వేయమనండి. బల్ల దగ్గర గీసేటప్పుడు కాగితాన్ని ఒంటికి మధ్యలో కాకుండా కాస్త ఎడమకు జరపండి, పై అంచు కుడివైపు ఒరిగేలా వంచి పెట్టండి. క్రేయాన్‌ను కొసకు మరీ దగ్గరగా పట్టుకోనివ్వొద్దు, తన చెయ్యే తన గీతను కప్పుతుంది. పాదాలు నేలకో పీటకో ఆనాలి. కాళ్లు వేలాడుతుంటే ఒళ్లు నిలబెట్టుకోవడానికే సగం శక్తి పోతుంది.

చతురస్రాన్ని గీయించాలనే ఉంటే నాలుగు చీపురుపుల్లల ముక్కలతో ముందు పేర్పించండి. తర్వాత వాటి మూలల్లో నాలుగు చుక్కలు పెట్టి, చుక్కల ముగ్గు కలిపినట్టు కలపమనండి. ప్రతి చుక్క దగ్గరా "ఆగు" అని వాడి చేతే పైకి అనిపించండి. నాలుగుసార్లు ఆగడం అక్కడ అలవాటవుతుంది. శుభలేఖ అట్టలో చతురస్రపు కిటికీ కోసి ఇస్తే దాని లోపలి అంచు వెంట గీయడం ఇంకా తేలిక, అంచు పెన్సిల్‌ను ఆపుతుంది. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో వాడే లోహపు చట్రాలు ఈ పనికే. వాటిలో చతురస్రం, త్రికోణం, దీర్ఘవృత్తం లాంటి పది ఆకారాలుంటాయి. ముందు అంచు గీయడం, తర్వాత లోపల గీతలతో నింపడం, రాతకు ముందు చెయ్యి సిద్ధం చేయడం వాటి ఉద్దేశం. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మీ ఇంట్లో గాజులు, డబ్బా మూతలు, అగ్గిపెట్టె చాలు.

వాట్సాప్‌లో ఒక ఎక్స్‌రే ఫోటో తిరుగుతుంటుంది, మీకూ వచ్చే ఉంటుంది. చిన్నపిల్లల మణికట్టులో ఎముకలే ఉండవు కాబట్టి రాయించకూడదని దాని సారాంశం. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు మృదులాస్థిగా ఉండి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గట్టిపడే మాట నిజం. అంతమాత్రాన చేతికి పని చెప్పకూడదని కాదు. పిసకడం, తిప్పడం, గుచ్చడం, కత్తిరించడం చేస్తేనే ఆ చుట్టూ ఉన్న కండరాలు బలపడతాయి. తగనిది గంటసేపు ఒకే భంగిమలో పెన్సిల్ బిగించి పట్టుకోవడం. పది నిమిషాలు చాలు, వాడు లేస్తే లేవనివ్వండి.

వంటింటిని కూడా వాడుకోండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, పచ్చి బఠాణీలు ఒలవడం, గోంగూర ఆకులు కాడల నుంచి తుంపడం వేళ్ల కొసలకు మంచి పని. పిండితో ముగ్గు వేయనివ్వండి. బొటనవేలు, చూపుడువేలి మధ్య నుంచి పిండి సన్నగా జారాలంటే ఎంత అదుపు కావాలో మీకు తెలుసు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వామనగుంటలు, మీవైపు ఓనగుంటలు అంటారేమో. గుప్పెట్లో చింతపిక్కలన్నీ పట్టుకుని ఒక్కొక్కటే గుంటలో వేయాలి. చిటికెనవేలు, ఉంగరపువేలు మిగతా పిక్కల్ని అరచేతిలో బిగించి ఉంచుతాయి, మిగిలిన మూడు వేళ్లు ఒక పిక్కను కొసకు తెచ్చి వదులుతాయి. పెన్సిల్ పట్టులోనూ కత్తెర పట్టులోనూ చెయ్యి సరిగ్గా ఇలాగే రెండు భాగాలుగా విడిపోతుంది. మొదట మూడు పిక్కలతో మొదలుపెట్టండి. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉంటే పిక్కలు నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండండి.

డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలి? ఒక చెయ్యి వాడుతూ రెండోది ఎప్పుడూ ఒంటికి ముడుచుకునే ఉంటే, చేతులు వణుకుతుంటే, ఇదివరకు వచ్చిన పని ఇప్పుడు రాకుండా పోతే, ఏడాదిన్నర నిండకముందే ఒకే చెయ్యి వాడటం మొదలుపెట్టి ఉంటే ఆలస్యం చేయకండి. అయిదేళ్లు నిండుతున్నా సున్నా గీయలేకపోతే, తగిన కత్తెరతో కూడా పట్టీ కత్తిరించలేకపోతే, చెంచా, గుండీలు, జిప్పు అన్నీ కష్టమవుతుంటే కూడా చూపించండి. పిల్లల డాక్టర్ అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి, అంటే రాత, గుండీలు లాంటి రోజువారీ పనులకు చేతిని సిద్ధం చేసే నిపుణుల దగ్గరికి పంపుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదలలో ఇబ్బందుల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలున్నాయి, అక్కడ పరీక్ష ఉచితం. మీరు రాసినదాన్ని బట్టి మీ వాడికి ఆ అవసరం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. ఎడమచేతి కత్తెరతో రెండు నెలలు చూసి మళ్లీ రాయండి.

స్కూల్‌తో మాట్లాడటం మాత్రం ఈ వారమే చేయండి, డైరీలో కాదు, స్వయంగా వెళ్లి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూస్తుంది, ఒకటో తరగతికి ఆరేళ్ల వయసు పెట్టింది. ఆ దశ కోసం 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఆటలతో నేర్పడం గురించే చెబుతుంది. ఆ లెక్కన మీ వాడికి ఒకటో తరగతికి ఇంకా దాదాపు రెండేళ్లుంది. ఈ మాట నెమ్మదిగానే చెప్పండి. టీచర్ మీద కూడా పుస్తకాలు నింపించాలనే ఒత్తిడి ఉంటుంది. ఇంట్లో ఏం చేయిస్తున్నారో చెప్పి, వాడు కత్తిరించి అతికించిన కాగితాలు నాలుగు చూపించండి. నాలుగు గీతల పుస్తకం బదులు కొన్నాళ్లు గీతల్లేని తెల్లకాగితం ఇమ్మని అడగండి. ఎడమచేతి కత్తెర ఒకటి బ్యాగులో పెట్టి, దాని మీద పేరు రాసి, అది వాడికే ఇవ్వమని చెప్పండి. బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమనండి, పక్కపిల్లవాడి మోచెయ్యి వాడి చేతికి తగలకుండా ఉంటుంది.